తాడు ఎవలు కోసిన్రు

రామకృష్ణారావు బాత్రూంలకు పోయి గడియ పెట్టుకొని నలభై నిమిషాలైంది. లోపట నల్లా నడుస్తనే ఉన్నది. నీళ్ళు మాత్రం ఎవని ఒంటి మీద పడ్తున్న చప్పుడు లేదు.

సునంద తలుపు బయట నిలబడ్డది. వాకిట్ల ఇనుప గేటును ఎవలో కాళ్ళతోని తంతున్నరు. తన్నినప్పుడల్లా వంటింట్ల గిన్నెలు గల్లుమంటున్నయి.

"ఏమయ్యా, బయటికొస్తవా రావా?"

"కడుపు మంచిగ లేదు."

"మొన్న టీవీల డబ్బ చూసినప్పటి సంది మంచిగ లేదు నీ కడుపు."

"జర మెల్లగ మాట్లాడు. గోడలు పల్చగున్నయి."

గోడలు పల్చగున్న మాట నిజమే. దోహాల ముఐథర్‌ల ఈ విల్లాను ఓనరు ఒక్క కుటుంబానికి కట్టిచ్చిండు. ఆయన దగ్గర కిరాయికి తీసుకున్నోడు నడుమ నడుమ జిప్సం బోర్డులు నిలబెట్టి మూడిండ్లు చేసిండు. కింద కుడి పక్క రావు, ఎడమ పక్క ఫరీదుద్దీన్, పైన కృష్ణప్రసాద్. గోడకు అవతల ఫరీదుద్దీన్ తుమ్మితే ఇవతల సునంద చిరంజీవ అనేది. ఆరేండ్ల సంది అట్లనే నడిచింది.

బుధవారం పొద్దుగాల ఊర్ల, మానేరుపేట బస్టాండ్‌ల, బాంబు పేలింది. పదకొండు మంది పోయిన్రు. అప్పటి సంది టీవీల ఒక్కటే బొమ్మ తిప్పి తిప్పి చూపెడ్తున్నరు. ఒక మనిషి టీ కొట్టు బెంచీ కింద తాడుతోని కట్టిన అట్టడబ్బ పెడ్తడు, చేతులు దులుపుకుంటడు, వెళ్ళిపోతడు. డబ్బకు నాలుగు దిక్కుల నల్ల మార్కర్‌తోని పెద్ద పెద్ద అక్షరాలు: ఫరీదుద్దీన్, దోహా. కింద ఫోన్ నంబర్.

బాంబు పెట్టేటోడు డబ్బ మీద పేరు, ఫోన్ నంబర్ ఎందుకు రాసుకుంటడని ఏ చానల్లోళ్ళూ అడగలేదు. ఆ డబ్బను ఎర్ర గుండ్రంల పెట్టి చూపెట్టుడే వాళ్ళకు సరిపోతున్నది.

ఆ అక్షరాలు ఫరీదుద్దీన్ రాసినయి కావు. రావు రాసిండు, హాల్ల కూసోని, స్కేలు పెట్టి. ఆఫీసుల డాక్యుమెంట్ కంట్రోలర్ గాబట్టి ఆయనకు వంకర అక్షరం చూస్తే తలనొప్పి వస్తది.

"రెండు కంబళ్ళు, నాలుగు పాలపొడి డబ్బలు, నీ గడియారం," అన్నది సునంద తలుపుతోని. "అండ్ల బాంబు యాడున్నది? పోయి చెప్పు."

గడియారం అంటే కంపెనీ ఇచ్చిన బహుమతి. 'మూడు నెలల ఉత్తమ ఉద్యోగి' అని దాని మీద రాసుంటది. తమ్ముని ఇంట్ల గోడకు కొట్టిస్తే ఊరంత చూస్తదని పంపిండు. ఇప్పుడు దేశమంత చూస్తున్నది. శిథిలాలల్ల గడియారం ముళ్ళు దొరికినయని పొద్దున వార్తలల్ల చెప్పిన్రు.

రావు తన టికెట్టు తను పెట్టుకొని పోయి ఇస్తే అయిపోయేది. కానీ ఫరీదుద్దీన్ చెల్లె బిడ్డ పెండ్లికి పోతుండె, లగేజీల జాగ ఉండె. ఊరికి పోయేటోని సంచిల జాగ ఉంటే దాన్ని ఖాళీగ పోనిచ్చుడు గల్ఫుల పాపం కింద లెక్క. నలుగురు నాలుగు డబ్బలు ఇచ్చిన్రు. ఎయిర్‌పోర్ట్‌ల ఎవలన్నా అడిగితే జవాబు ఒక్కటే ఉండాలె గాబట్టి నాలుగింటి మీదా ఫరీదుద్దీన్ పేరే.

రావు ఇంకొంచెం తెలివి చూపెట్టిండు. "నువ్వు మా ఊరిదాంక రాకు ఫరీద్ భాయ్, తకలీఫ్ ఎందుకు? బస్టాండ్‌ల టీ కొట్టు బెంచీ కింద పెట్టి పో. మా తమ్ముడు ఎనిమిదింటికి వచ్చి పట్టుకపోతడు."

తమ్ముడు పదకొండింటికి లేచిండు. అప్పటికి బస్టాండ్ లేదు.

తమ్ముడు అన్నకు ఫోన్ చేసి ఒక్కటే మాట చెప్పిండు: "అన్నా, నా పేరు తియ్యకు." పోలీసులు పోయి అడిగితే నాకేం తెల్వదన్నడు. ఫరీదుద్దీన్ నిజం చెప్పిండు. అందుకే రెండు రోజుల సంది పోలీసుల దగ్గరున్నడు. నిందితుడు పొంతన లేని మాటలు చెప్తున్నడని టీవీల అంటున్నరు.

"ఇంకా పన్నెండు రోజులల్ల నా రెసిడెన్సీ రెన్యూవల్ ఉన్నది సునందా," అన్నది బాత్రూం తలుపు. "ఇప్పుడు పోలీసు, కేసు అంటే కంపెనీ ఏమనుకుంటది?"

"ఫరీద్ భాయ్ పెండ్లాం ఏమనుకుంటదో సోంచాయించినవా?"

తలుపుకు బదులు నల్లా మాట్లాడింది.

నిన్న సాయంత్రం ఫరీదుద్దీన్ పెండ్లాం మెహర్ సుల్తానా వీళ్ళ గడపల నిలబడి అడిగింది. డబ్బలు ఇచ్చినోళ్ళల్ల ముగ్గురినీ అడిగి వచ్చింది, ముగ్గురివీ చేరినయట. "రావు భయ్యా, మీది చేరిందా?" అన్నది. ఆమె కండ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బినయి.

"చేరింది చేరింది," అన్నడు రావు. "మా తమ్ముడు గడియారం గోడకు గూడ కొట్టిండు."

సునంద ఆయన వెనుక గరిటె పట్టుకొని నిలబడి ఉండె. మెల్లగ వంటింట్లకు మర్లింది. రాత్రి గోడ అవతల మెహర్ వెక్కులు పెడ్తుంటే ఇవతల సునంద దుప్పటి నోట్ల కుక్కుకున్నది. గోడలు పల్చగున్నయి.

గేటు తెరుసుకున్న చప్పుడైంది. సునంద కిటికీ దగ్గరికి ఉరికింది.

తెరిచింది కృష్ణప్రసాద్. ఆయన రాజమండ్రి సైడు మనిషి, పైన ఉంటడు, బుధవారం సాయంత్రమే విల్లాకు భద్రతా కమిటీ వేసి దానికి తనే అధ్యక్షుడైండు. గేటు దగ్గర ఒక రిజిస్టర్ పెట్టిండు, వచ్చేటోళ్ళు పోయేటోళ్ళు సంతకం చెయ్యాలె. రెండు రోజులల్ల అండ్ల ఉన్న సంతకాలన్నీ ఆయనవే.

"రంగు పోతుంది బాబూ, తన్నకండి," అన్నడాయన. "లోపలికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం. ముందు ఈ రిజిస్టర్లో—"

నలుగురు లోపటికొచ్చిన్రు. రిజిస్టర్ కాళ్ళ కింద పడ్డది. ముందున్నది భూమేష్. బిర్కత్ అల్ అవామిర్ లేబర్ క్యాంపుల ఉంటడు, కంపెనీల ఇనుప రాడ్లు వంచి కట్టే రాడ్‌బెండింగ్ పని. సునంద పెండ్లికి ముందు వాళ్ళ వాడకట్టుల ఉండేటోడు, ఆమెను అక్కా అంటడు. రెండేండ్ల కింద ఆమెకు డెంగీ వస్తే రక్తం ఇచ్చిండు.

"రయీస్, బయటికి రా," అన్నడు భూమేష్. అరవలేదు.

రయీస్ ఫరీదుద్దీన్ తమ్ముడు. ఇరవై మూడేండ్లుంటయి, బైక్ మీద తిండి పార్సిళ్ళు ఇచ్చే డ్యూటీ. నిజంగనే బయటికొచ్చిండు, డ్యూటీ డ్రెస్సు మీద, చేతుల హెల్మెట్ పట్టుకొని. శుక్రవారం గిరాకీ ఎక్కువుంటదని పోతుండె. మెహర్ వాని చెయ్యి పట్టుకొని లోపటికి గుంజుతున్నది.

"భూమేష్ భాయ్, మీ బావ సంగతి తెల్సింది," అన్నడు రయీస్. "అల్లా కసమ్, మా అన్న—"

"మా బావ పేరు ముత్యం," అన్నడు భూమేష్. "సెలవు అయిపోయింది, దోహా వచ్చేటందుకు బస్సెక్కను పోయిండు. బుధవారం వస్తడని నేను ఆయన మంచం మీద చద్దరు మార్చిన. నిన్న మా అక్క ఫోన్ చేసింది. చెయ్యి చూసి గుర్తు పట్టిన్రట. చెయ్యే దొరికింది."

"భాయ్—"

"ఉంగరం చూసి గుర్తు పట్టిన్రు."

అని రయీస్ చేతులకెల్లి హెల్మెట్ గుంజుకొని వాని మొఖం మీదనే కొట్టిండు.

సునందకు చప్పుడు ముందు వినపడ్డది, తర్వాత అర్థమైంది. రయీస్ మోకాళ్ళ మీద కూలబడ్డడు. నోట్లకెల్లి రక్తం జారి డ్యూటీ డ్రెస్సు మీద ఉన్న నవ్వుతున్న బొమ్మ మీద పడ్డది. రెండో దెబ్బకు పన్నొకటి బండల మీద పడి దొర్లింది. తతిమ్మా ముగ్గురు కాళ్ళ పని మొదలువెట్టిన్రు. పక్కల, వీపుల, కడుపుల. ఒకడు తన్నుకుంటనే ఏడుస్తున్నడు.

రయీస్ తిరిగి కొట్టలేదు. తలను చేతులల్ల దాచుకొని ముడుసుకున్నడు.

"ఇక్కడ కొట్లాడితే దేశం నుంచి పంపించేస్తారు బాబూ," అన్నడు కృష్ణప్రసాద్ మెట్ల మీదికి ఎక్కి.

"పంపియ్యనియ్ సార్. టికెట్ వాళ్ళదే. బావ దినాలకన్నా అందుత."

మెహర్ ఫోన్ తీసింది. "తొమ్మిది తొమ్మిది తొమ్మిదికి చేస్త. పోలీసొస్తరు."

భద్రతా కమిటీ అధ్యక్షుడు మూడు మెట్లు ఒక్కసారే దుంకి కిందికొచ్చిండు. "అమ్మా, అమ్మా, పోలీసులొద్దు. వాళ్ళు లోపలికొస్తే పర్మిషన్ లేని పార్టిషన్ చూస్తారు. ఇల్లు మొత్తం సీల్ చేస్తారు. మూడు కుటుంబాలు రోడ్డు మీద పడతాయి. భద్రత గురించి కొంచెం ఆలోచించండి."

"వాణ్ణి సంపుతున్నరు."

"నేను మాట్లాడుతున్నాను కదమ్మా."

ఒకడు చెప్పుల స్టాండు లేపి ఫరీదుద్దీన్ కిటికీకి ఇసిరిండు. అద్దం పగిలి మెహర్ మీద పడ్డది. ఆమె అరవలేదు. మోచేతిల దిగిన పెంకు దిక్కు చూసింది, ఫోన్ దిక్కు చూసింది. ఫోన్ మీద రక్తం కారి వేలు జారుతున్నది, నంబర్ నొక్క వస్తలేదు.

సునంద మళ్ళ బాత్రూం దగ్గరికి ఉరికి తలుపును రెండు చేతుల గుద్దింది.

"రయీస్‌ను కొడ్తున్నరు. పండ్లు ఊసిపోయినయి. మెహర్‌కు అద్దం గుచ్చుకున్నది. ఒక్క మాట చెప్పు, డబ్బ నాదని. ఒక్కటే మాట."

"పోలీసులే తెలుసుకుంటరు. నిజం ఎప్పుడన్నా బయటపడ్తది."

"యాడ? బాత్రూంలనా?"

"నేను పోతే నన్ను గూడ కొడ్తరు సునందా," అన్నడు రావు. ఆరేండ్లల్ల ఆయన అన్న మాటలల్ల గంత నిజమైన మాట ఆమె వినలేదు.

ఆమె తలుపు మీదికెల్లి చేతులు తీసింది.

వాకిట్లకు వచ్చేసరికి భూమేష్ రయీస్ జుట్టు పట్టి తల లేపి అడుగుతున్నడు. "డబ్బల ఏం పెట్టిన్రు? మీ అన్న నీకు చెప్పే పోయుంటడు గద. ఏం పెట్టిన్రు?" రయీస్ ఒక కన్ను మూసుకపోయింది. జవాబుకు నోరు తెరిస్తే బుడగలొస్తున్నయి.

"రెండు కంబళ్ళు," అన్నది సునంద.

ఎవలూ వినలేదు. ఆమె ముందుకొచ్చి రయీస్‌కూ భూమేష్ కాళ్ళకూ నడుమ నిలబడ్డది. ఒక తన్ను ఆమె పిక్కకు తాకింది. తన్నినోడు "సారీ అక్కా" అన్నడు.

"రెండు కంబళ్ళు, నాలుగు పాలపొడి డబ్బలు, ఒక గోడ గడియారం. డబ్బ మాది. మా ఆయన ఇచ్చిండు. టీ కొట్టు కాడ పెట్టుమన్నది గూడ ఆయనే, మా మరిది వచ్చి తీసుకుంటడని. ఫరీద్ భాయ్ మోసిండు, అంతే."

వాకిట్ల మూడు ఇండ్ల ఏసీలు గుర్రుమంటున్నయి.

మెహర్ ఆమె దిక్కు చూసింది. ఆ చూపు సునంద ఎన్నటికీ మర్చిపోయేది కాదు. "చేరింది అన్నరు గద అక్కా," అన్నది మెల్లగ. "గోడకు గూడ కొట్టిన్రు అన్నరు గద."

సునంద తల వంచుకున్నది.

"సునంద గారూ, ఇప్పుడివన్నీ ఎందుకండీ," అన్నడు కృష్ణప్రసాద్. "కొంచెం సద్దుమణుగుతోంది కదా."

"అక్కా, నిజమేనా?" అన్నడు భూమేష్. చేతుల హెల్మెట్ కిందికి దిగింది. మొఖం అంత పిండినట్టయింది.

అప్పుడు లోపట గడియ తీసిన చప్పుడైంది.

రావు బయటికొచ్చిండు. తల తడిపి దువ్వుకున్నడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నడు, పై గుండీ దాంక పెట్టుకున్నడు. ముషైరిబ్ దిక్కున్న తన ఆఫీసుల మీటింగ్‌కు పోయినట్టే వచ్చి గడప దిగిండు.

"భూమేష్, తమ్మీ," అన్నడు. "మీ బావ సంగతి విని నాకు అన్నం పోతలేదు. కూసో, నీళ్ళు తాగు. మీ సునందక్క మాట పట్టించుకోకు. ఆమెకు రెండు రోజుల సంది నిద్రలేదు. మెహర్‌తోని దోస్తీ గద, ఎట్లనన్నా కాపాడాలెనని ఏదో ఒకటి అంటున్నది. ఆడోళ్ళ పానం అట్లుంటది. మా డబ్బ ఎప్పుడో ముట్టింది."

ఇంగ్లిష్ మెయిలు చదివినట్టు చదివిండు.

సునంద మొగని దిక్కు తిరిగింది. తనను పిచ్చిదాన్ని చేసుడు ఇంత సులువని ఆమెకు తెల్వదు.

భూమేష్ ఇద్దరినీ చూసిండు. రావు చెప్పిందే నమ్మబుద్దైంది ఆయనకు. ఎందుకంటే కింద పడ్డోన్ని ఇప్పటికే కొట్టి అయింది. ఆ కొట్టుడు తప్పైతే దాన్ని తీసుకొని క్యాంపుకు ఎట్ల పోవాలె?

హెల్మెట్ మళ్ళ లేచింది.

"తాడు," అన్నడు రయీస్.

బండల మీద ఒక చెయ్యి ఆనిచ్చుకొని, ఇంకో చెయ్యి పైకి లేపి చూపెట్టిండు. "భాయ్. టీవీల తాడు చూడు. డబ్బకు కట్టిన తాడు."

వాకిట్ల ఈ గోడ నుంచి ఆ గోడకు బట్టలారేసే తాడున్నది. ఆకుపచ్చ పోగుల నడుమ పసుపు పోగు. మూడు ఇండ్ల బట్టలూ దాని మీదనే ఆరుతయి. మూడు వారాల కింద ఒక పొద్దున చూస్తే అది రెండు బారల పొడుగు తగ్గి ఉండె. కృష్ణప్రసాద్ వాట్సాప్ గ్రూపుల విచారణ పెట్టిండు: తాడు ఎవరు కోశారు? అందరి కంటే ముందు జవాబిచ్చింది రావు: నేను కాదు. కింద రెండు చేతుల దండం బొమ్మ. దాని కింద ఇంకో మాట: రయీస్ బైక్‌కు సామాను కట్టుకోవడానికి తీసుకున్నాడేమో అడగండి. ఆ రోజు రయీస్ ఎవలతోనీ కొట్లాడలేదు. ఏడికెల్లో తాడు ముక్క తెచ్చి ముడేసిండు. తెచ్చింది తెల్ల తాడు. ఆ ముడి ఇంకా అట్లనే ఉన్నది, రావు ఆఫీసు చొక్కాలకూ మెహర్ దుపట్టాకూ నడుమ.

భూమేష్ జేబుల ఫోన్ తీసిండు. రెండు రోజులల్ల ఆ వీడియో వందసార్లు చూసుంటడు. ఈసారి మనిషిని చూడలేదు, డబ్బను చూసిండు. వేళ్ళతోని బొమ్మను పెద్దగ చేసిండు: ఆకుపచ్చ తాడు, నడుమ పసుపు పోగు. తల ఎత్తి తాడును చూసిండు. మళ్ళ ఫోన్ చూసిండు.

మొదలు మాట్లాడింది కృష్ణప్రసాద్. ఆయన గొంతుల నిజమైన బాధ ఉన్నది, బుధవారం సంది వినపడనంత.

"రావు గారూ. తాడు మీరు కోశారా?"

రావు చొక్కా పై గుండీ తడుముకున్నడు.

"మీరే ముందు దండం పెట్టారు కదండీ గ్రూపులో."

భూమేష్ హెల్మెట్‌ను రయీస్ పక్కన పెట్టిండు, జాగ్రత్తగ, వాని వస్తువు వానికి ఇచ్చినట్టు. పోయి బట్టల తాడు పట్టి ఒక్క గుంజు గుంజిండు. గోడకున్న మేకు ఊసొచ్చింది. ఇస్త్రీకి పోవాల్సిన అయిదు చొక్కాలు రక్తం బండల మీద పడ్డయి. తాడును కుడి పిడికిలికి చుట్టుకున్నడు, ఒకటి, రెండు, మూడు చుట్లు. రాడ్లకు వైరు చుట్టే చేతులు అవి. సూటిగ చుట్టినయి.

"గేటు పెట్టున్రి," అన్నడు తనోళ్ళతోని.

"రిజిస్టర్లో టైం వేస్తానుండండి," అన్నడు కృష్ణప్రసాద్, ఏం చెయ్యాల్నో తెల్వక. గేటు పడ్డది.

రావు ఒక అడుగు వెనక్కి వేసిండు. ఇంకో అడుగు. ఆయనకు ఇప్పుడు పన్నెండు రోజులు, రెసిడెన్సీ యాదిల లేవు. గడియ ఉన్న ఒక్క తలుపే యాదికున్నది. ఇంటి దిక్కు తిరిగిండు.

గడప మీద సునంద నిలబడి ఉన్నది. ఎప్పుడు పోయి నిలబడ్డదో ఎవలూ చూడలేదు. రెండు చేతులు దర్వాజకు అటొకటి ఇటొకటి పెట్టుకున్నది.

"జరుగు," అన్నడు రావు. "సునందా, జరుగు."

వెనుక చెప్పుల చప్పుడు దగ్గరికొస్తున్నది.

"ముందు వాళ్ళకు చెప్పు," అన్నది ఆమె. జరగలేదు.